వసంతంలో వెళ్ళిపోయే అతిథులు

నెల్లూరు జిల్లా పటం తీసి పడమటి వైపు చూడండి. వెలిగొండలను చీల్చుకుని పెన్నానది మైదానంలోకి దిగేచోట సోమశిల కనిపిస్తుంది. సోమశిల ఉన్న మండలం పేరు అనంతసాగరం. తూర్పున ఆత్మకూరు, ఉత్తరాన ఉదయగిరి కొండ. కార్తీకం దాటి చెరువులు నిండాక ఈ ప్రాంతంలో ఏ నీటిగట్టుమీద నిలబడినా కొత్త పిట్టలు కనిపిస్తాయి. పరజలు గుంపులు గుంపులుగా నీటిమీద తేలుతుంటాయి. బురద అంచున ఉల్లంకులు ముక్కులతో పొడుస్తుంటాయి. కరెంటు తీగలమీద కత్తెర తోకల స్వాలో పిట్టలు వరుసగా కూర్చుంటాయి.

“చలికాలం వచ్చింది, వలస పక్షులు వచ్చాయి” అని అందరూ అంటారు. పత్రికల్లో ఫోటోలు కూడా పడతాయి. మరి అవి వెళ్ళిపోయింది ఏ రోజు? మీ ఊళ్ళో ఎవరినైనా అడిగి చూడండి. “వేసవిలో ఎప్పుడో పోయుంటాయి” అంటారు. రావడం అందరూ గమనిస్తారు, పోవడం ఎవరూ గమనించరు. కాని శాస్త్రజ్ఞులకు ఈ రెండో తారీఖు కూడా చాలా ముఖ్యం. ఎందుకో ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

ఇంటివాళ్ళెవరు, అతిథులెవరు?

ముందుగా ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించుకోవాలి. చెరువు దగ్గర పెద్ద పక్షి ఏది కనిపించినా “సైబీరియా కొంగ” అనేయడం మనవాళ్ళకు అలవాటు. సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు చెట్లమీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. చూడడానికి వెళ్ళినవారు వీటిని కూడా సైబీరియా నుంచి వచ్చాయనే అనుకుంటారు. అది నిజం కాదు. ఇవి మన దేశపు పక్షులే. ఈశాన్య ఋతుపవనం వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ ప్రాంతంలో వానలు పడి చెరువుల్లో చేపలు పెరుగుతాయి కనుక, ఆ కాలంలో గుడ్లు పెడతాయి. పిల్లలు ఎగరనేర్చాక దక్షిణ భారతదేశంలోని ఇతర చెరువులకు చెదిరిపోతాయి.

కాబట్టి ఒక సూత్రం గుర్తుంచుకోండి. మన దగ్గర గూడు కట్టి పిల్లల్ని లేపే పక్షి ఉత్తరదేశపు అతిథి కాదు. నిజమైన అతిథి ఇక్కడ తింటుంది, నిద్రపోతుంది, ఈకలు మార్చుకుంటుంది. గూడు మాత్రం కట్టదు. దాని పుట్టిల్లు వేలాది కిలోమీటర్ల అవతల ఉంటుంది.

ఇక అసలు ఊరు కదలని పక్షులూ ఉన్నాయి. కడప జిల్లా లంకమల అడవుల్లోని కలివికోడి అటువంటిది. 1900 తరువాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్ళీ దొరికింది. ముళ్ళపొదల మధ్య పుట్టి, అక్కడే తిరిగి, అక్కడే చనిపోతుంది.

ఇప్పుడు మన అతిథుల్లో కొందరిని పరిచయం చేసుకుందాం. సూదితోక పరజ: మగదాని తోక మధ్య ఈకలు సూదిలా పొడుగ్గా సాగి ఉంటాయి. తెల్ల కనుబొమ పరజ: చిన్నది, మగదాని కంటిమీద తెల్లని చార ఉంటుంది. ఈ రెండూ రష్యా, కజకిస్తాన్, సైబీరియాల నీటిమడుగుల దగ్గర గుడ్లు పెడతాయి. తరువాత ఉల్లంకులు. ఆ పైన నేలమీద పరుగెడుతూ తోక కిందికీ మీదికీ ఊపే సన్నని పిట్టలు. చివరగా గులాబీ గోరింక. ఇది మన మామూలు గోరింకకు చుట్టమే. తల, రెక్కలు నలుపు, వీపు, పొట్ట గులాబీ రంగు. వందలకొద్దీ కలిసి జొన్నచేలమీద వాలుతుంది. దాని పుట్టిల్లు తూర్పు ఐరోపా నుంచి మధ్య ఆసియా దాకా వ్యాపించిన గడ్డిమైదానాలు.

నీళ్ళు ఎండిపోయి వెళ్తాయా?

ఈ పిట్టలు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్కొక్క జాతిగా మాయమవుతాయి. ఎందుకు? “చెరువులు ఎండిపోతాయి, ఎండలు ముదురుతాయి, అందుకే పోతాయి” అని మీరు వెంటనే జవాబు చెప్పవచ్చు. జవాబు బాగానే ఉంది. అయితే సైన్సులో బాగున్న జవాబును కూడా పరీక్షించి చూడాలి.

దానికి అనంతసాగరం ప్రాంతమే మంచి ప్రయోగశాల. ఇక్కడి చిన్న కుంటలు వేసవి రాగానే ఎండిపోతాయి. వాటికి కొద్ది దూరంలోనే 78 టి.ఎం.సి.ల నీరు పట్టగల సోమశిల జలాశయం ఉంది. కుంట ఎండినా జలాశయంలో నీరుంటుంది. నీళ్ళు లేకపోవడమే వలసకు కారణమైతే, కుంటలోని పరజలు జలాశయానికి చేరి వేసవంతా అక్కడే హాయిగా ఉండాలి గదా! అలా జరగదు. నీళ్ళున్నా, తిండి ఉన్నా, కాలం రాగానే ఉత్తరదేశపు పరజలు వెళ్ళిపోతాయి. కాబట్టి ఎండిన చెరువు పక్షిని ఒక చోటు నుంచి మరో చోటుకు జరపగలదే గాని, సైబీరియాకు పంపలేదు. పంపేది మరొకటి.

లోపలి గడియారం

ఆ “మరొకటి” ఏమిటో కనిపెట్టడానికి కెనడాలో విలియం రోవన్ అనే శాస్త్రజ్ఞుడు 1924లో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. జుంకో అనే చిన్న వలస పిట్టలను పట్టి, ఆరుబయట పంజరాల్లో ఉంచాడు. బయట గడ్డకట్టే చలి. కొన్ని పంజరాల్లో మాత్రం సాయంత్రం పూట విద్యుద్దీపాలు వెలిగించి, రోజూ కొద్ది నిమిషాల చొప్పున వెలుతురు పెంచుతూ పోయాడు. చలికాలం నడుమనే ఆ పిట్టల శరీరంలోని సంతానోత్పత్తి అవయవాలు వసంతంలోలాగా పెరిగాయి. దీపం లేని పంజరాల్లోని పిట్టల్లో అలా జరగలేదు. చలి ఇద్దరికీ ఒకటే, తేడా వెలుతురులోనే. అంటే పక్షి కాలాన్ని తెలుసుకునేది ఎండను బట్టి కాదు, పగటి పొడవును బట్టి అన్నమాట.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. అనంతసాగరం భూమధ్యరేఖకు సుమారు పద్నాలుగున్నర డిగ్రీల ఉత్తరాన ఉంది. మనకు డిసెంబరులో అతి చిన్న పగలు సుమారు 11 గంటల 15 నిమిషాలు, జూన్‌లో అతి పెద్ద పగలు 13 గంటలకు కొంచెం తక్కువ. తేడా మొత్తం గంటా నలభై నిమిషాలే! మార్చిలో కూడా పగలు రోజుకు ఒక్క నిమిషంకంటే తక్కువే పెరుగుతుంది. ఇంత చిన్న తేడాను నమ్ముకుని పక్షి ప్రయాణం కడుతుందా?

దీనికి జవాబు జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎబర్‌హార్డ్ గ్విన్నర్ ప్రయోగాల్లో దొరికింది. 1960లలో ఆయన విల్లో వార్బ్లర్ అనే చిన్న వలస పిట్టలను గదిలో ఉంచి, ప్రతిరోజూ సరిగ్గా 12 గంటల వెలుతురు, 12 గంటల చీకటి ఇచ్చాడు. గదిలో ఋతువులే లేవు. అయినా ఆ పిట్టలు దాదాపు ఏడాది లయలోనే ఈకలు మార్చుకున్నాయి. వలస కాలం రాగానే రాత్రిళ్ళు పంజరంలో తహతహలాడాయి. అంటే పక్షి ఒంట్లోనే ఒక సాంవత్సరిక గడియారం ఉంది. బయటి పగటి పొడవు ఆ గడియారాన్ని సరిచేసే ముల్లువంటిది.

ప్రయాణ సన్నాహాలు

గడియారం మోగాక పక్షిలో కొన్ని మార్పులు వస్తాయి. వీటిలో చాలావాటిని ప్రయోగశాల లేకుండా మీరే చూడవచ్చు.

మొదటిది తిండి. వెళ్ళేముందు కొన్ని వారాలపాటు పక్షి ఆబగా తిని కొవ్వు పోగుచేసుకుంటుంది. గ్రాము పిండిపదార్థం సుమారు 4 కిలోకాలరీల శక్తినిస్తే, గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. తక్కువ బరువులో ఎక్కువ ఇంధనం! కొన్ని చిన్న పిట్టలు బయలుదేరేనాటికి తమ మామూలు బరువుకు దాదాపు రెట్టింపవుతాయి. అందుకే మార్చి నెలలో బురదగట్టుమీద మేస్తున్న ఉల్లంకి గుంపును కుక్కలు తరిమినా, మనం రాళ్ళు విసిరినా అది చిన్న తప్పు కాదు. అది కూడబెట్టిన ఇంధనాన్ని మనం వృథాగా తగలబెట్టించినట్లే.

రెండవది వేషం. చలికాలమంతా మాసిన బట్టల్లా ఉన్న రంగులు ఇప్పుడు తేటపడతాయి. తోక ఊపే పసుపు పిట్టల పసుపు గాఢమవుతుంది. గులాబీ గోరింక ఈకల కొసలు అరిగిపోయి అడుగునున్న అసలు గులాబీ రంగు బయటపడుతుంది. ఉల్లంకుల చుట్టాల్లో బంగారు ఉల్లంకి అనదగిన గోల్డెన్ ప్లోవర్ పొట్ట నల్లగా మారుతుంది. పుట్టింటికి పోయేముందు పెళ్ళిబట్టలు కట్టుకున్నట్లుంటుంది.

మూడవది తహతహ. చాలా జాతులు రాత్రిపూటే ప్రయాణం చేస్తాయి. పొద్దుగూకే వేళ గుంపు పదేపదే లేచి, చుట్టు తిరిగి, మళ్ళీ వాలుతుంది. 1966లో అమెరికాలో ఎమ్లెన్ తండ్రీకొడుకులు ఈ తహతహను కొలిచే ఉపాయం కనిపెట్టారు. గరాటు ఆకారపు కాగితపు పంజరం అడుగున సిరామెత్త పెట్టి, దానిమీద పిట్టను నిలిపారు. పిట్ట ఎటు దూకితే అటు కాగితంమీద సిరా పాదాల గుర్తులు పడతాయి. వలస పిట్టల గుర్తులు అవి పోవలసిన దిక్కునే ఎక్కువగా పడ్డాయి! కృత్రిమ నక్షత్రాలు చూపే ప్లానెటోరియంలో ఈ పంజరాన్ని ఉంచి, ఇండిగో బంటింగ్ అనే పిట్టలు చుక్కలను చూసి దిక్కు తెలుసుకుంటాయని స్టీఫెన్ ఎమ్లెన్ నిరూపించాడు.

దారిలో హిమాలయాలు

మన దేశం నుంచి ఉత్తరానికి పోయే పక్షులకు పెద్ద అడ్డంకి హిమాలయాలు. కొన్ని చుట్టు తిరిగి పోతాయి. పట్టెతల బాతు మాత్రం సూటిగా దాటుతుంది. తెల్లని తలమీద రెండు నల్లని పట్టెలుండే ఈ పెద్ద బాతు చలికాలం భారతదేశపు జలాశయాల దగ్గర గడిపి, టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర గుడ్లు పెడుతుంది.

తమిళనాడులోని కూంతన్‌కుళంలో, ఒడిశాలోని చిలికలో పట్టెతల బాతులకు చిన్న ట్రాన్స్‌మిటర్లు కట్టి ఉపగ్రహాల ద్వారా వాటి ప్రయాణాన్ని గమనించారు. ఆ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. బాతులు కొండలను ఎక్కి దాటడానికి ఏడెనిమిది గంటలే తీసుకున్నాయి. అదీ వెనక నుంచి తోసే గాలి సహాయం కోసం ఎదురుచూడకుండా, రాత్రి, తెల్లవారుజాముల్లో, గాలి చల్లగా చిక్కగా ఉన్న వేళ! ఇటువంటి పరిశోధనల్లో ఒక బాతు చేరిన అత్యధిక ఎత్తు 7,290 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగంకంటే తక్కువ.

ఉపగ్రహాలు రాకముందు ఈ పని చేసింది ఒక చిన్న లోహపు కడియం. సాలిం ఆలీ నాయకత్వంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1959 నుంచి పెద్ద ఎత్తున పక్షుల కాళ్ళకు నంబరు ఉన్న కడియాలు తొడిగి వదిలింది. భరత్‌పూర్ వంటి చోట్ల కడియం తొడిగిన బాతులు ఆనాటి సోవియట్ యూనియన్‌లో దొరికాయి. మన చెరువులకూ సైబీరియాకూ ఉన్న సంబంధం అలా ఊహ నుంచి రుజువైంది.

ఒక వారం ఆలస్యమైతే?

ఇంత కష్టపడి పోవడం దేనికి? ఇక్కడే ఉండిపోవచ్చు గదా! ఉత్తర ధ్రువానికి దగ్గరి నేలల్లో వేసవి రెండు మూడు నెలలే. కాని ఆ కొద్ది కాలంలో సూర్యుడు అస్తమించడు లేదా అస్తమించీ అస్తమించనట్లుంటాడు. మంచు కరిగి మడుగులవుతుంది, కోట్లాది పురుగులు ఒక్కసారిగా పుడతాయి. పిల్లలకు రాత్రింబవళ్ళు తిండి పెట్టవచ్చు. ఆ విందుకోసమే ఈ ప్రయాణం.

అయితే విందు వేళకు చేరాలి. ముందుగా పోతే మంచు. ఆలస్యంగా పోతే పురుగుల కాలం దాటిపోతుంది, పిల్లలు ఆకలితో చస్తాయి. ఇప్పుడు భూమి వేడెక్కుతున్నది. ఉత్తరాన వసంతం పూర్వంకంటే ముందుగా వస్తున్నది. కాని మన దగ్గరున్న పక్షికి ఆ సంగతి ఎవరు చెబుతారు? దానికి తెలిసింది పగటి పొడవు, ఒంట్లోని గడియారం. అవి రెండూ మారలేదు!

ఈ చిక్కు ఊహ కాదు. పైడ్ ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్ట చలికాలం ఆఫ్రికాలో గడిపి నెదర్లాండ్స్ అడవుల్లో గుడ్లు పెడుతుంది. ఆ అడవుల్లో గొంగళిపురుగులు పూర్వంకంటే ముందుగా రావడం మొదలైంది. పిట్టలు మాత్రం ఆఫ్రికా నుంచి పాత తారీఖులకే బయలుదేరుతూ వచ్చాయి. పురుగుల కాలం మరీ ముందుకు జరిగిన అడవుల్లో ఆ పిట్టల సంఖ్య రెండు దశాబ్దాల్లో సుమారు 90 శాతం తగ్గిందని 2006లో క్రిస్టియాన్ బోత్, ఆయన సహచరులు ప్రకటించారు. మన దేశంలోనూ ఇక్కడే ఉండే పక్షులకంటే దూరదేశాల నుంచి వచ్చే వలస పక్షులు ఎక్కువగా తగ్గుతున్నాయని 2023 నాటి భారతదేశ పక్షుల స్థితి నివేదిక తెలిపింది.

చూశారా! నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు ఈ సంగతి కనుక్కోగలిగారంటే, ఏ సంవత్సరం ఏ పిట్ట ఎప్పుడు వచ్చిందో అంతకుముందే ఎవరో ఓపికగా రాసిపెట్టి ఉంచడం వల్లనే. మరి మన చెరువు నుంచి మన పరజలు ఏ తారీఖున వెళుతున్నాయి? పదేళ్ళ క్రితంకంటే ముందుగానా, ఆలస్యంగానా? రాసిపెట్టినవారుంటేనే దీనికి జవాబు.

ఒక దీవి పుస్తకం

రాసిపెట్టడం ఎలా ఉండాలో ఒక దీవి చూపిస్తుంది. స్కాట్లాండుకు ఉత్తరాన ఆర్క్నీ, షెట్లాండ్ దీవుల మధ్య సముద్రంలో ఫెయిర్ ఐల్ అనే చిన్న దీవి ఉంది. పొడవు 5 కిలోమీటర్లు కూడా ఉండదు, జనాభా వందలోపు. వసంతంలో ఉత్తరానికి పోయే పక్షులు గాలివానకు అలసి ఆ దీవిలో దిగుతాయి. మన గులాబీ గోరింక జాతి పక్షులు కూడా దారి తప్పి అప్పుడప్పుడు అంతదూరం పోతాయి!

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు ఖైదీగా చిక్కిన జార్జ్ వాటర్‌స్టన్ అనే ఆయన, ఆ నిర్బంధంలోనే ఈ దీవిలో పక్షి పరిశీలన కేంద్రం పెట్టాలని కలగన్నాడు. 1948లో పెట్టాడు. అప్పటి నుంచి అక్కడివారు పక్షుల కాలంలో పగలంతా దీవి చుట్టి, సాయంత్రం కూర్చుని, జాతుల పేర్లు వరుసగా చదివి, ఆ రోజు ఎన్ని కనిపించాయో రాస్తారు. 2019 మార్చిలో ఆ కేంద్రం భవనం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. రికార్డులను ముందే కంప్యూటరుకు ఎక్కించి ఉంచడం వల్ల అవి దక్కాయి. భవనం మళ్ళీ కట్టుకోవచ్చు. గడిచిపోయిన ఒక వసంతాన్ని మళ్ళీ చూసి రాయడం ఎవరి తరమూ కాదు.

చివరి తారీఖు చిక్కు

ఇప్పుడు మీ వంతు. మీరు చేయవలసిన పని చిన్నదే, కాని దానిలో ఒక తమాషా చిక్కుంది. మొదటిసారి పిట్ట కనిపించిన రోజు మీకు వెంటనే తెలుస్తుంది: “అదుగో వచ్చింది!” అంటారు. చివరిసారి కనిపించిన రోజు మాత్రం ఆ రోజున తెలియదు. ఈరోజు చూసిన పరజ రేపు కూడా ఉండవచ్చు. నాలుగు రోజులు కనిపించకపోయాకనే “ఓహో, అదే చివరి రోజా!” అని తెలుస్తుంది. అప్పటికి ఆ తారీఖు రాసి ఉంచకపోతే పోయినట్లే. అందుకే చూసిన రోజే కాదు, చూడడానికి వెళ్ళి చూడని రోజు కూడా రాయాలి. “లేదు” అన్న మాట కూడా సమాచారమే.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఫిబ్రవరి 1 నుంచి మే 15 దాకా రోజుకొక గీత గీయండి. ఇంటికి దగ్గరి చెరువుగట్టు లేదా కుంట ఒకటి ఎంచుకోండి. రోజూ ఒకే చోట, ఒకే వేళ, ఉదయం అరగంట చాలు. మీకు తప్పకుండా గుర్తుపట్టడం వచ్చిన నాలుగైదు జాతులే చాలు. ఒక్కొక్కటి ఎన్ని ఉన్నాయో లెక్కించి రాయండి. లేకపోతే సున్న వేయండి. వెళ్ళలేని రోజున సున్న వేయకండి, గీత పెట్టండి. సున్న వేరు, గీత వేరు!

ఆదివారం మాత్రమే వెళ్ళేవారి లెక్కలో ఎంత తేడా వస్తుందో ఆలోచించండి. ఈ ఆదివారం ఉంది, వచ్చే ఆదివారం లేదు. మధ్యలో ఏ రోజు పోయిందో ఎలా తెలుస్తుంది? కాబట్టి ఆరుగురు ఏడుగురు మిత్రులు కలిసి రోజుకొకరు చొప్పున పంచుకుంటే మంచిది. చివరకు తారీఖులు అడ్డంగా, సంఖ్యలు నిలువుగా వేసి గ్రాఫ్ గీయండి. గుంపు ఒక్కసారిగా పోయిందా, కొద్దికొద్దిగా కరిగిందా అన్నది కంటికి కనిపిస్తుంది. ఒకటి రెండు ఉల్లంకులు వేసవంతా ఉండిపోతే కంగారుపడకండి. కొన్ని జాతుల్లో ఇంకా ఈడురాని పిల్లపక్షులు మొదటి ఏడాది ఉత్తరానికి పోవు.

జాగ్రత్తలు రెండు. పక్షులకు దూరంగా, కదలకుండా కూర్చోండి. జలాశయం నీటిలోకి, బురదలోకి దిగకండి.

పిట్టల పేర్లు తెలియకపోతే ఊరి పెద్దలను, చేపలు పట్టేవారిని, గొర్రెలు కాసేవారిని అడగండి. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన టి. సి. జెర్డన్ భారతదేశపు పక్షులమీద గొప్ప గ్రంథాలు రాశాడు. ఆయన ఇక్కడి జంతువుల, పక్షుల సంగతులు మన యానాదులను అడిగి తెలుసుకున్నాడు. పక్షుల తెలుగు పేర్లను కూడా తన పుస్తకంలో ఎక్కించాడు. కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. అడగడానికి సిగ్గుపడనివాడికే తెలుస్తుంది.

మీ లెక్కలు మీ నోటుపుస్తకంలోనే ఉండిపోనక్కరలేదు. మన దేశంలో వలస పక్షుల తారీఖులను సామాన్యుల నుంచి సేకరించడానికి 2007లో మైగ్రెంట్ వాచ్ అనే కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు ఈ-బర్డ్ అనే కంప్యూటర్ వేదికలో ఎవరైనా తమ జాబితాలు నమోదు చేయవచ్చు. మీ సైన్సు మాష్టారి సహాయంతో మీ బడి పేరునే నమోదు చేయించండి.

ఒక్క సంవత్సరపు లెక్కతో ఏమీ తేలదు. ఆ ఏడు వానలు ఎక్కువో తక్కువో అయి ఉండవచ్చు. మీరు పదో తరగతి దాటి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకాన్ని ఎనిమిదో తరగతి వారికి అప్పగించండి. వాళ్ళు తరువాతి వారికి ఇస్తారు. అలా పదిహేనేళ్ళు సాగితే, సోమశిల దిగువన పరజలు వెళ్ళే రోజు మారిందా లేదా అన్న ప్రశ్నకు జవాబు మీ బడి అలమరాలో ఉంటుంది. ఇప్పుడు ఫిబ్రవరి ఎంత దూరంలో ఉందో లెక్కపెట్టుకుని, నోటుపుస్తకం అట్టమీద చెరువు పేరు రాయండి.